రంపపు పొట్టు

నా తొలి మంచు రాంనగర్ చేపల మార్కెట్ది.
తెల్లారుగట్ల మూడింటికి నాయిన
ముషీరాబాద్ ఫ్యాక్టరీ నుంచి రిక్షాబండి మీద
దిమ్మెలు తెచ్చేటోడు,
రంపపు పొట్టు కప్పి, గోనెపట్టా చుట్టి.
"జల్ది నూకురా ఐలేష్, గిది మన కోసం ఆగదు."
ఆ ఒక్క మాట మీదనే పదిహేడేండ్లు ఆడిన.

ఇందిరాపార్కు రింకుల చక్రాల బూట్లు
గంటకు ఎనిమిది రూపాయల కిరాయి.
సిమెంటు మీద పడితే తోలు లేస్తది,
మంచు మీద పడితే అంగీ తడుస్తది,
గంతే తేడా అనుకున్న.
తేడా మస్తుగుండె.

లేహ్‌ల మొదటి చలికాలం,
గడ్డకట్టిన చెరువు నడుమ నిలబడి కిందికి చూస్తే
నీళ్ళ ఊపిరి బుడగలు బుడగలుగ
ఎక్కడిదక్కడ ఆగిపోయి ఉంది.
కాళ్ళు వణికినయి.
హుస్సేన్‌సాగర్ గిట్ల పేరుకుంటే
బుద్ధుని దాకా బోటు టికెట్టు లేకుండ పోవచ్చని
నాకు నేనే జోకేసుకొని నవ్విన.

ఆ తర్వాత ఎవడు పిలిస్తే వానికి.
కౌలాలంపూర్ల ఒక సీజను.
బ్యాంకాక్‌ల ఐదు నెలలు, జీతం మూడు నెలలకే.
అల్మాటీ అవతల ఓ బొగ్గు గనుల ఊరు,
దాని పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు,
వాళ్ళకు నా పేరు తిరగలే, చెల్లుకు చెల్లు.
మైకుల "ఐస్‌లేష్, నలభై నాలుగు" అని ఒర్రుతుంటే
అమ్మ ఐలోని మల్లన్నకు మొక్కుకొని పెట్టిన పేరు అది అని
ఏ భాషల చెప్పాలె?

మూడో లైను డిఫెన్సు నాది.
పెద్ద ఆటగాళ్ళు బల్ల మీద కూసోని
ఎగపోత తీర్చుకునే నలభై సెకన్లు
వాళ్ళ జాగల నిలబడుడే పని.
కొట్టుడు కాదు, కొట్టనియ్యకపోవుడు.
జరగనిది పేపర్ల పడదు.
అన్ని ఏండ్లల్ల నావి పదకొండు గోల్స్,
అందుల ఒకటి మా సొంత గోల్లనే,
మోకాలికి తగిలి.

ముందటి పండ్లు రెండు దుబాయ్‌ల పోయినయి.
"ఎవడు కొట్టిండు బిడ్డా?" ఫోన్ల అమ్మ.
స్వీడన్ పిలగాడు, పొద్దంత ఇన్సూరెన్సు ఆఫీసుల గుమస్తా.
ఆట అయినంక వాడే వచ్చి
నా పెదవి మీద ఐసుగడ్డ పట్టిండు,
పట్టుకొని చాలాసేపు ఏం మాట్లాడలే.
ఆ పొద్దు కూడ నాకు చేపల వాసనే.

ఏ ఊర్ల అయినా లాకరు మీద తెల్ల టేపే,
దాని మీద నల్ల పెన్నుతో పేరు.
పొద్దుగాల వచ్చేసరికి టేపు లేకుంటే
ఎవడూ ఏం చెప్పనక్కర్లే.
గోరుతో గీకితే జిగురు వస్తది,
కొంచెం పాతోని జిగురు కూడ.

ఇప్పుడు కొండాపూర్ మాల్ల, నాలుగో అంతస్తు.
సినిమా హాలు పక్కన మా రింకు,
పాప్‌కార్న్ వాసనల గడ్డకట్టిన నీళ్ళు.
పుట్టినరోజు పిల్లలు ప్లాస్టిక్ పెంగ్విన్‌ను పట్టుకొని
ఒక అడుగు, ఒక కేక.
నేను బ్లేడ్లు సాన పడత. రాత్రి పదకొండుకు
గీతలన్నీ చెక్కి నీళ్ళు పోస్త.
ఒక్కోసారి లైట్లు ఆర్పి
ఎవని లైనో నేనే అయి నాలుగు రౌండ్లు కొడత.
మోకాలు ఐదో రౌండు ఒప్పుకోదు.

పోయిన ఐతారం నాయిన వచ్చిండు.
ఎస్కలేటర్ కాడ చెప్పులు ఇడువబోతే ఆపిన.
"పొట్టేది?" అన్నడు మొదలు.
"పొట్టు లేంది ఎట్ల నిలుస్తున్నది?"
కింద పైపులున్నయి నాయినా, కరెంటు.
"కరెంటు పోతే?"
జనరేటర్.
అట్లనా, అని వంగి
వేలి కణుపుతో మంచును రెండుసార్లు తట్టిండు,
చెవి దగ్గర పెట్టి విన్నడు,
దిమ్మె కొనేముందు వినేటట్టు.
చుట్టూ పిల్లలు జారుతున్నరు.

"లోపట గాలున్నదిరా. తెల్లగైంది.
చేపలకు పనికిరాదు."

ఆ రాత్రి ఉన్నదంత గీకేసి
వేడినీళ్ళు పోసిన, పలుచగ, పొర మీద పొర,
ఆరేటిదాక ఆగుకుంట.
తెల్లారి నాలుగైంది.
కింద పెయింటు గీతలు అద్దంల లెక్క కనబడ్డయి.
మోకాళ్ళ మీద కూసోని
నేను కూడ తట్టి చూసిన.